దప్పి అన్న మాట

కోయంబత్తూరు, ఆర్.ఎస్. పురం
9 జూన్ 2024

తిరుమలమ్మాళ్ పెద్దమ్మకు అభిరామి మొక్కి రాస్తున్నది.

ముందుగా నా తప్పులకు కోపగించుకోవద్దు పెద్దమ్మా. ఎనిమిదో తరగతి దాకా నేను చదివిందంతా తమిళమే. తెలుగు అక్షరాలు నువ్వు పళనిలో మా ఇంట ఉన్న ఆ ఒక్క ఏడాదిలో, చింతగింజలు పేర్చి నేర్పినవే. న ఎక్కడో ణ ఎక్కడో ఇప్పటికీ తెలియదు. ఒత్తులు జారిపోతాయి. రాత కూడా వంకరగా ఉంది. మాకు బల్ల లేదు, బియ్యం డబ్బా మూత మీద పెట్టుకుని రాస్తున్నాను. నీకు చెవులు బాగుంటే ఫోనులోనే మాట్లాడేదాన్ని. అమ్మకు ఫోనులో ఎవరి గొంతూ తెలియడం లేదు, ఉత్తరమైతే పదిసార్లు చదువుకుంటుంది అని సత్యరాజ్ అన్న చెప్పాడు. అందుకని ఈ ధైర్యం.

నాకు పని దొరికింది. మా వీధికి దగ్గరలో ఒక పెద్ద ఆసుపత్రి ఉంది. అందులో పక్షవాతం వచ్చినవాళ్ళను ఉంచే వార్డు నాది. నీలం రంగు బట్టలు ఇచ్చారు. మా ఆయన నన్ను ఆ బట్టల్లో చూసి, భూపతి పెళ్ళాం ఆఫీసరు అయిపోయింది అని తను పనిచేసే లేతు షెడ్డు దగ్గర అందరికీ చెప్పుకున్నారట.

మా వార్డులో ఐదుగురం ఒక జట్టు. వినోదిని సిస్టర్‌ది పాలక్కాడు. వళ్ళియమ్మాళక్కది ఈ ఊరే, పదిహేనేళ్ళుగా ఇక్కడే ఉంది, ఆమె మాటే మాట. ఒడిశా పిల్లలు ఇద్దరు. తర్వాత నేను. ఎవరి భాష వాళ్ళది. అన్నం దగ్గర కూడా ఎవరి మూల వాళ్ళది. ఇక్కడ మనుషులు నిలవరట పెద్దమ్మా, మూడు నెలలకొకరు మానేస్తారట. పోయిన ఏడాది ఒడిశా పిల్ల ఒకతె, వీళ్ళందరూ నన్ను చూసి వాళ్ళ భాషలో నవ్వుతున్నారు అని ఏడ్చి రైలెక్కి వెళ్ళిపోయిందట.

ఇప్పుడు షణ్ముగప్రియ మేడమ్ అని కొత్తగా వచ్చింది. పనివాళ్ళ మంచిచెడ్డలు చూడటమే ఆమె ఉద్యోగం. ఆమె లిఫ్టు పక్కన ఒక బోర్డు పెట్టించింది. ప్రతి జట్టుకూ నెల మొదట్లో ముప్పై నక్షత్రాలు అంటిస్తారు. ఆలస్యంగా వస్తే ఒకటి పీకేస్తారు. దుప్పటి మార్చకపోతే ఒకటి. వార్డులో తమిళం, ఇంగ్లీషు తప్ప ఇంటి భాష మాట్లాడితే ఒకటి. నెలాఖరుకు ఎవరివి ఎక్కువ మిగిలితే వాళ్ళ ఫోటో బోర్డు మీద పెడతారు, ఐదుగురికీ ఒకే ఆదివారం సెలవు ఇస్తారు. ఎవరూ ఎవరినీ చూసి నవ్వకూడదనే మేడమ్ ఆ భాష రూలు పెట్టింది. ఆమె మంచిదే. నా పేరు ఒక్కసారి అడిగి గుర్తు పెట్టుకుంది. మా అత్తగారు కూడా నన్ను ఇంకా "ఏమ్మా" అనే పిలుస్తుంది కదా.

మొదటి వారం మేడమ్ నన్ను చూసి, ఈ అమ్మాయి మంచం ఎంత శుభ్రంగా వేసిందో చూడండి అని, మా జట్టుకు ఒక నక్షత్రం ఎక్కువ అంటించింది. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వళ్ళియమ్మాళక్క సంగతీ అత్తగారి సంగతీ రాసేశాను. ఇది చదివి పొయ్యిలో పడెయ్యి.

నీ అభి

*

కంబం
18 జూన్ 2024

ఏమే అభీ, పెద్దమ్మ రాసేది.

నీ కాగితం వచ్చినాది. న, ణ సంగతి అట్లే ఉండనీ, దాన్ని పట్టుకొని ఎవరూ జైలుకు పోలేదు. పొయ్యిలో పడెయ్యమంటివి. ఎందుకు పడేసేది? ఈ ఇంట్లో నా కొడుక్కు తెలుగు చదవను రాదు. మనవళ్ళకు మాట్లాడనే సిగ్గు. ఇన్నేండ్లకు నాకంటూ చదువుకోను ఒకటి వచ్చింది, ట్రంకు పెట్టెలో కోకల మధ్య పెట్టినా.

నా జోడు కోమలవల్లిని గురించి నీకు చెప్పినానా? ద్రాక్షతోట పళనివేలుకు అమ్మ. మధ్యాహ్నం కూడు తిన్నాక వచ్చి నా దగ్గర కూర్చుంటుంది. ఊర్లో అందరూ నాతో చేతులూపి మాట్లాడితే, అది ఒక్కతే నా చెవిలో నోరు పెట్టి అరుస్తుంది. దాని మాట ఒక్కటే నాకు ఇంకా వినపడేది. దానికి చదువు లేదు. నీ కాగితం మూడుసార్లు చదివి వినిపించినా. నక్షత్రం అంటే ఎక్కడ పెట్టినారు, పోలీసుకు మాదిరి భుజం మీదనా అని అడిగింది. అంతేనే అయ్యుంటుంది అన్నా. నీలం గుడ్డ, నక్షత్రం, రోగుల వార్డు, అంటే పెద్ద నర్సే కదా అనింది. అవును మరి, నా చెల్లెలి బిడ్డ కదా అన్నా. పొద్దుగూకే లోపల వీధంతా చెప్పేసింది.

నీకు సుండకాయ వత్తలు, అదే ఉస్తికాయ వొరుగులు, ఎండబెట్టి పెట్టింది. సత్యరాజ్ ఆ పక్క వస్తే పంపిస్తా. ఆ పిల్ల ఒంటరిగా ఉంది, నోరు తెరిచి మాట్లాడను చెప్పు అని కోమలం చెప్పమనింది. నేనూ అదే చెప్తా ఉండా.

మీ అత్త పిలవకపోతే పోనీ. మేము ఇద్దరం ఇక్కడ దినానికి పది మాట్లు నీ పేరు చెప్తా ఉండాము.

తిరుమలమ్మాళ్

*

కోయంబత్తూరు
7 జూలై 2024

పెద్దమ్మకూ కోమలత్తకూ అభిరామి.

ఉత్తరం వేరేవాళ్ళకు చదివి వినిపిస్తావని తెలిస్తే ఇంకాస్త నీటుగా రాసి ఉండేదాన్ని. నర్సు అన్న మాట కోమలత్తకు మెల్లగా చెప్పు పెద్దమ్మా. నేను అంత దాన్ని కాదు.

మీ ఇద్దరికీ ఒక సంగతి చెప్పాలి. నా వల్ల మా జట్టుకు ఒక నక్షత్రం పోయింది. చాకలికి వెయ్యాల్సిన దుప్పట్లు లెక్క పెడుతున్నాను. నాకు లెక్క తెలుగులోనే వస్తుంది, నీ చింతగింజల లెక్క. పదకొండు, పన్నెండు, పదమూడు అని పైకే అనేశాను. వెనక సూపర్వైజరు నిలబడి ఉన్నాడు. ఏం భాష అది అన్నాడు. పోయి బోర్డు మీద ఒకటి పీకేశాడు.

వళ్ళియమ్మాళక్క అన్నం దగ్గర అందరి ముందరా అంది: "ఒన్ను, రెండు అని తమిళంలో చెబితే నీ నాలిక కాలిపోతుందా? నీ ఒకటీ రెండూ ఇంట్లో పెట్టుకో. మా ఆదివారం పోగొట్టకు." ఆమెకు ఆ ఆదివారం మీద ఎంత ఆశో నాకు తెలుసు. కూతురు కడుపుతో ఉంది, తొమ్మిదో నెల. అయినా వారం రోజులు నా మూలకు ఎవరూ కూర పంపలేదు. ఒడిశా పిల్లలు కూడా పక్కకు జరిగారు, వాళ్ళకు ఎందుకో తెలియకపోయినా.

అప్పటినుంచి వార్డులో నోరు తెరవడం లేదు. లెక్క కూడా వేళ్ళ మీద వేసుకుంటున్నాను. సూపర్వైజరు మొన్న మేడమ్‌తో, ఈ అమ్మాయి చాలా బాగుపడింది అని చెప్పాడు.

నాకూ ఆ ఆదివారం కావాలి. జూలైలో మేము గెలిస్తే ఆగస్టు నాలుగు సెలవు. తెల్లవారి మొదటి బస్సుకు బయలుదేరి కంబం వస్తాను. నిన్ను చూసి నాలుగేళ్ళయింది. కోమలత్తను అసలు చూడనే లేదు.

ఆయన ఫోను పని దగ్గర నూనె తొట్టిలో పడి పాడైపోయింది. కొత్త నంబరు తీసుకున్నారు, వచ్చే ఉత్తరంలో రాస్తాను. వళ్ళియమ్మాళక్క మాటలు ఉన్నాయి, దీన్నైనా కాల్చెయ్యి.

అభి

*

కంబం
19 జూలై 2024

అభీ,

తొందరలో రాస్తా ఉండా, కూడబలుక్కొని చదువుకో.

మొన్న పొద్దున కోమలం ద్రాక్షపందిరి కింద పడిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయినాయి. తేనిలో చేర్చినారు. మాట మొత్తం పోలేదు. కానీ అరవం ఒక్క ముక్క రావడం లేదు. కోడలు అరవంలో ఏమి అడిగినా ముఖం చూస్తా ఉంది. చిన్నప్పటి మన మాటలు మాత్రం ఒకటీ రెండూ వస్తా ఉన్నాయి. పళనివేలుకు అవి అర్థం కాలేదు. వాడిది ఇంట్లో అరవమే కదా.

పెద్ద ఆసుపత్రికి తీసుకుపోండి అన్నారు. మదురైకి పోతామని వాడు బండి మాట్లాడినాడు. నేనే అడ్డం పడినా. మదురైలో దాని మాట ఎవరికి తెలుస్తుంది, కోయంబత్తూరుకు తీసుకుపో, అక్కడ పక్షవాతం వార్డులోనే మా అభి ఉండాది, నక్షత్రం తెచ్చుకున్న నర్సు, అది చూసుకుంటుంది అని. నీ కాగితం ఆసుపత్రి కవరులోనే వచ్చింది కదా, దాని మీద పేరు ఉంటే అది చించి ఇచ్చినా. రేపు తెల్లవారి బయలుదేరుతారు.

సత్యరాజ్ నీ మొగుడి ఫోనుకు కొట్టినాడు, ఆ నంబరు లేదంట. అందుకే ఇది రాస్తా ఉండా. నర్సు అభిరామి అని అడగమని పళనివేలుకు చెప్పినా. నువ్వు దాన్ని చూడలేదు కదా, గుర్తు చెప్తా: గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు ఉంటాయి, మూడోది కొంచెం పక్కకు పోయి ఉంటుంది. పచ్చ పొడిచేటప్పుడు అది నవ్వింది. నేనే నవ్వించినా.

దాన్ని నీ చేతిలో పెట్టినా. మన మాట మాట్లాడతా ఉండు, దానికి భయం పోతుంది.

పెద్దమ్మ

*

కోయంబత్తూరు
22 జూలై 2024

పెద్దమ్మకు అభిరామి.

ఈసారి నీ ఉత్తరం ఇంకా రాలేదు. నువ్వు బాగున్నావని అనుకుంటున్నాను. నా మనసు బాగాలేదు, అందుకని నీ జవాబు రాకముందే రాస్తున్నాను.

వార్డులో ఆరో నంబరు మంచానికి శనివారం ఒక ముసలామె వచ్చింది. రోగుల పేరూ ఊరూ బయట చెప్పకూడదని రూలు, నాకు తెలియవు కూడా. మంచానికి తగిలించే అట్ట మీద అంతా ఇంగ్లీషు. మేము తమిళంలో ఆరో నంబరు పాటి, అంటే అవ్వ, అనే అంటాం. ఒక పక్క పడిపోయింది. మింగడం రావడం లేదు, నోటితో ఏదీ ఇవ్వకూడదని తల దగ్గర ఎర్ర కాగితం అంటించారు. ముక్కులోంచి గొట్టం వేశారు. బయటివాళ్ళను సాయంత్రం పది నిమిషాలే రానిస్తారు. ఆ వేళకు మందు మత్తులో ఉంటుంది.

ఆమె పొద్దంతా ఒక్క మాటే అంటుంది. "దప్పి, దప్పి" అని.

వినోదిని సిస్టర్‌ది మలయాళం కదా. వాళ్ళ భాషలో తప్పడం అంటే వెతకడమట. పాటి ఏదో పోగొట్టుకుంది అనుకుని దిండు కింద వెతికింది, ఉంగరం ఏమైనా పడిందేమో అని మంచం కిందికి వంగి చూసింది. "ఎందా అమ్మే, ఏమి పోయింది?" అని ఎంత ఓపికగా అడిగిందో. పాటి ఆమె ముఖం చూసి మళ్ళీ దప్పి అంది. నిన్న ఎడమ చెయ్యి నోటి దగ్గరకు తెచ్చుకోబోతే గొట్టానికి తగిలి ఊడింది. అప్పుడు వళ్ళియమ్మాళక్క, "చూశారా సిస్టర్, తప్పి తప్పి అంటోంది. తప్పిచ్చుకుని పోవాలని చూస్తోంది" అంది. మెత్తటి గుడ్డతో ఆ చేతిని మంచం కమ్మీకి కట్టారు. కోపంతో కట్టలేదు పెద్దమ్మా. మళ్ళీ గొట్టం ఊడితే ప్రాణానికి ముప్పని కట్టారు. ఒడిశా పిల్లలకు ఏ అర్థమూ తెలియదు, పాపం కదలకుండా కాళ్ళు పట్టుకున్నారు.

నాకు ఒక్కదానికే తెలుసు.

నేను అక్కడే ఉన్నాను. మంచం కింద తుడుస్తున్నాను. దప్పి అంటే నీళ్ళకు అడుగుతోంది అని తమిళంలో చెబితే సరిపోయేది. తమిళానికి రూలు లేదు. కానీ నీకెలా తెలుసు అంటారు. తెలుగు అంటాను. అయితే ఆమెతో మాట్లాడు అంటారు. మాట్లాడుతుంటే సూపర్వైజరు వస్తాడు. మాకూ నాలుగో అంతస్తు వాళ్ళకూ ఒక్క నక్షత్రమే తేడా. ఇంకా తొమ్మిది రోజులే. ఇదంతా నేను నీళ్ళ బకెట్టు దగ్గర మోకాళ్ళ మీద ఉండే ఆలోచించాను. ఎలాగూ నోటికి నీళ్ళు ఇవ్వరు కదా, చెప్పి ఏం లాభం అని కూడా అనుకున్నాను. ఆమె నా వైపు తల తిప్పి చూసింది. నేను తల దించుకుని తుడిచాను.

రేపు చెబుతాను. రేపు పొద్దున ఏడింటికి పోగానే వినోదిని సిస్టర్‌తో తప్పకుండా చెబుతాను.

ఇది ఎవరికీ చదివి వినిపించవద్దు. కాల్చెయ్యి.

అభి

*

కంబం
29 జూలై 2024

నా తల్లీ అభీ,

కోమలం పోయింది. నీకు నేను చెప్పేదేముంది, నీ ముందరే పోయింది.

మంగళవారం పొద్దుగూకను బండిలో తెచ్చినారు. పళనివేలు నా కాళ్ళ దగ్గర కూర్చొని ఏడ్చినాడు. వాడు పలక మీద అరవంలో రాసి రాసి చూపించినాడు నాకు. మొదట నర్సు అభిరామి అని గేటు దగ్గర వాసలులో అడిగితే ఆ పేరుతో నర్సు లేదన్నారంట, మూడు దినాలు అడిగినాడంట. నా బుద్ధి మీద నాకే అనుమానం వచ్చింది. ఆ మీదట రాసినాడు: కడపటి రోజు తెర సందులో చూస్తే, నీలం గుడ్డ కట్టుకున్న చిన్న పిల్ల ఒకతె అమ్మ ముఖం తుడస్తా మన మాటలో మాట్లాడతా ఉండాది అని. అత్తా కాదు, అవ్వా అవ్వా అంటా ఉండాది అని. అది చదివినాక నేను ఏడ్చింది దుఃఖంతో కాదే.

ఊరంతా చెప్పినా. కోమలం మన మాట వింటా పోయింది, దాని చెయ్యి మా అభి చేతిలో ఉండాది అని.

నీ ఇరవై రెండో తారీకు కాగితం మొన్న వచ్చింది. ఆ దప్పి అన్న ముసలామె సంగతి చదివి కడుపు తరుక్కుపోయింది. ఒకే వార్డులో మనవాళ్ళు ఇద్దరా? ఆమె కోమలానికి పక్క మంచమా? నీ బకెట్టు, తుడిచేది నాకు సరిగా అర్థం కాలేదు, నర్సులు కూడా తుడస్తారా ఏమో, ఊరు మారింది. ఆమె విషయంలో నువ్వు చేసింది తప్పే. దాచి చెప్పను. అయితే కోమలానికి నోరు తెరిచినావు కదా, ఆ పుణ్యం దీనికి సరిపోతుంది అనుకో. ఆమెకు ఎవరూ లేకపోయిరి పాపం, కోమలానికి నువ్వు ఉంటివి.

ఇప్పుడు నా చెవిలో అరిచేవాళ్ళు ఎవరూ లేరు. ఇల్లు సద్దు లేకుండా ఉండాది. నాలుగో తారీకు వస్తావు కదా. బస్టాండులో ఉంటా. నీకు కోమలం ఎండబెట్టిన సుండకాయలు అట్లే ఉండాయి.

పెద్దమ్మ

*

కంబం
7 ఆగస్టు 2024

అభికి,

ఆదివారం పదకొండు నుంచి నాలుగింటి దాకా బస్టాండులో కూర్చుంటి. ఐదు బస్సులు చూసినా. వళ్ళు బాగలేదా? ఎవరైనా ఏమైనా అనిరా? నేను కాగితంలో తప్పే అని రాసినందుకా? ముసలిదాన్ని, చేతికొచ్చింది రాస్తా. ఒక్క కార్డు వెయ్యి.

తి.

*

కోయంబత్తూరు
1 సెప్టెంబరు 2024

పెద్దమ్మకు అభిరామి రాస్తున్నది.

ఎప్పటిలాగే రాత బాగాలేదు, తప్పులుంటాయి. ఈసారి క్షమించమని అడగాల్సింది వాటికి కాదు.

నేను బయలుదేరాను పెద్దమ్మా. ఆగస్టు నాలుగు తెల్లవారి మొదటి బస్సే ఎక్కాను. పళని వచ్చేసరికి కాళ్ళు వాటంతటవే దిగిపోయాయి. కొండగుడి మెట్ల కింద చెప్పులు విడిచేచోట కూర్చున్నాను. కొండ ఎక్కలేదు. నువ్వు బస్టాండులో కూర్చున్న సమయమంతా నేను అక్కడే కూర్చున్నాను. తర్వాత ఎదురు బస్సు ఎక్కి ఇంటికి వచ్చాను. పెద్దమ్మ బాగుందా అని ఆయన అడిగితే బాగుంది అన్నాను.

నేను నర్సును కాదు. వార్డు తుడుస్తాను. బెడ్‌ప్యానులు కడుగుతాను, దుప్పట్లు మారుస్తాను. మొదటి ఉత్తరంలో తుడిచే పని అని రాయడానికి సిగ్గు వేసింది, వార్డులో పని అని రాశాను. మీ ఇద్దరూ నర్సు అన్నప్పుడు గట్టిగా కాదనలేకపోయాను. ఆ ఒక్క మాట సరిగా రాసి ఉంటే పళనివేలు అన్న వాకిట్లో నర్సు అని అడిగేవాడు కాదు. తుడిచే అభిరామి అని అడిగి ఉంటే వాచ్‌మన్ కూడా చూపించేవాడు.

ఆ వార్డులో మనవాళ్ళు ఇద్దరు లేరు. ఆరో నంబరు పక్క మంచం ఆ వారమంతా ఖాళీ.

నీ పందొమ్మిదో తారీకు ఉత్తరం నాకు ఇరవై ఆరున అందింది. గడ్డం మీద మూడు చుక్కలు, మూడోది పక్కకు పోయి ఉంటుంది అని చదివాను. మూడు రోజులు రోజూ పొద్దున ఆ గడ్డం తడిగుడ్డతో తుడిచింది నేనే. మూడో చుక్క మరకేమో అనుకుని కాస్త గట్టిగా రుద్దాను కూడా.

ఇరవై మూడో తారీకు నేను చెప్పాలనే పోయాను. దారిలో తమిళంలో మాటలు కూర్చుకున్నాను. "సిస్టర్, పాటికి దాహమట" అని. అంతే, మూడు మాటలు. పోయేసరికి ఆరో నంబరుకు తెర వేసి ఉంది. ఐదింటికి తలలో మళ్ళీ రక్తనాళం చిట్లిందట. శుభ్రం చేయమని నన్నూ వళ్ళియమ్మాళక్కనూ లోపలికి పంపారు. అక్క కొత్త దుప్పటికి పోయింది. నేను చేతి కట్టు విప్పాను. మణికట్టు చుట్టూ గుడ్డ అచ్చు పడి ఉంది. గిన్నెలో పత్తి తడిపి పెదాలకు పెట్టాను. పెదాలు పగిలి ఉన్నాయి. అప్పుడు నోరు తెరుచుకుంది నాకు. "అవ్వా, ఇవిగో నీళ్ళు. దప్పి తీరిందా అవ్వా" అన్నాను. ఇంకా ఏదేదో అన్నాను. పదకొండు, పన్నెండు అని లెక్క కూడా పెట్టాను, ఎందుకో తెలియదు. పళనివేలు అన్న తెర సందులోంచి చూసింది అదే. ఆయన చూసింది నిజమే. నేను మన మాట మాట్లాడాను. కానీ అప్పటికి ఆమె వినడం ఆగిపోయి ఒక గంట దాటింది.

మదురైకి పంపి ఉంటే అని నువ్వు కుమిలిపోవద్దు. రెండోసారి రక్తనాళం చిట్లడం ఎక్కడున్నా ఆగేది కాదని డాక్టరే చెప్పాడు. నేను నోరు తెరిచి ఉన్నా ఆమె బతికేది కాదు. నేను పోగొట్టింది ఆ మూడు రోజులు.

జూలైకి మా జట్టే గెలిచింది. మా ఫోటో లిఫ్టు పక్కన నెలంతా ఉంది. నేను చివర్లో ఉన్నాను, తల దించుకుని. సిగ్గనుకుని అందరూ నవ్వారు.

ఆగస్టు మధ్యలో షణ్ముగప్రియ మేడమ్ అన్ని జట్లనూ కూర్చోబెట్టింది. గెలిచినవాళ్ళు చెప్పండి, మీరు ఇంత బాగా పని చేయడానికి ఏమి తోడ్పడింది అని అడిగింది. వళ్ళియమ్మాళక్క చెప్పింది. వినోదిని సిస్టర్ చెప్పింది. నా వంతు వచ్చినప్పుడు మేడమ్ తనే, అభిరామి మాట్లాడదు, పని మాత్రం చేస్తుంది, ఆమెకు చప్పట్లు కొట్టండి అంది. అందరూ కొట్టారు. ఆ చప్పట్లు నేను భరించలేకపోయాను. లేచాను. దప్పి అంటే ఏమిటో చెప్పాను. నాకు తెలిసీ చెప్పలేదని చెప్పాను. "మాట్లాడనందుకే మేడమ్ నాకు ఈ నక్షత్రం వచ్చింది" అన్నాను. అంత పెద్ద మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

వినోదిని సిస్టర్, "ఒక్క మాట అని ఉంటే మింగకుండా పత్తితో పెదాలు తడిపేదాన్ని కదా మోళే, బిడ్డా. గంటకోసారి తడపవచ్చు" అంది. తిట్టి ఉంటే బాగుండేది. వళ్ళియమ్మాళక్క లేచి బయటికి పోయింది. తర్వాత దుప్పట్లు నానబెట్టే తొట్టి దగ్గర కనిపించింది. "కట్టింది నేను కదాడీ" అని ఒక్కటే అంది. ఆ రోజు తన డబ్బా మూతలో సగం కూర వేసి నా వైపు జరిపింది. ఇద్దరమూ తినలేదు.

మేడమ్ నన్ను తన గదికి పిలిచి కుర్చీలో కూర్చోమంది. ఎవరూ ఎవరినీ చూసి నవ్వకూడదు అని రూలు పెట్టాను, ఎవరు ఎవరికి అక్కరకు వస్తారో ఆలోచించలేదు, తప్పు నాది అంది. ఆమె కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. భాష రూలు తీసేశారు. ఇప్పుడు మా అందరి బ్యాడ్జీల మీద పేరు కింద, ఎవరికి ఏ భాషలు వస్తాయో రాశారు. నాది తమిళం, తెలుగు. కొత్త రోగి వస్తే ఇంట్లో ఏం భాష అని అడిగి మంచానికి అంటిస్తారు. నీళ్ళు, నొప్పి, చలి, భయం అన్న నాలుగు మాటలు అందరి భాషల్లో ఒక అట్ట మీద రాసి గోడకు పెట్టాలన్నారు. ఒడిశా పిల్లలు వాళ్ళవి రాస్తూ ఎంత సంతోషపడ్డారో. ఇప్పుడు అందరం ఒకే చోట తింటున్నాం.

తెలుగు గడి నన్ను రాయమన్నారు. నీళ్ళు అని రాశాను. దాని పక్కన దప్పి అని రాయబోతే చెయ్యి ఆగింది. మామూలు దనా, ఒత్తు ధనా అని సందేహం వచ్చింది. అడగడానికి నువ్వు దగ్గర లేవు. మామూలు దే వేశాను. తప్పైతే చెప్పు, పోయి దిద్దుతాను.

అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు పెద్దమ్మా. ధైర్యం గల పిల్ల అంటున్నారు. అంతమంది ముందర చెప్పగలిగాను, నీకు చెప్పడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. నువ్వు ఊరంతా చెప్పి ఉన్నావు. కోమలత్త చెయ్యి మా అభి చేతిలో ఉందని. దాన్ని నీ దగ్గరనుంచి లాక్కోవడానికి మనసు ఒప్పలేదు. ఉండనీ అని కూడా అనుకున్నాను. కానీ నా ఉత్తరాలు నువ్వు ఆమెకు చదివి వినిపించావు. నోరు తెరిచి మాట్లాడమని నాకు చెప్పమంది ఆమె. ఆ మాటకు జవాబు రాయకుండా ఎలా ఉండను.

ఆ సుండకాయలు నాకు పంపవద్దు. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. జవాబు రాయకపోయినా నేను ఏమీ అనుకోను.

ఒక్కటి మాత్రం అడుగుతాను. మధ్యాహ్నం, ఆమె వచ్చి కూర్చునే చోట కూర్చుని, ఇది ఒక్కసారి పైకి చదువు. నీకు నీ గొంతు వినపడకపోయినా ఫరవాలేదు. పాతవన్నీ నీ కోకల మధ్య ఉండనీ, వాటిలో నేను నర్సును. దీన్ని మాత్రం చదివాక నిజంగా కాల్చెయ్యి. చదవకముందు కాదు.

అభిరామి